గూడు సరిగా లేని పావురాన్ని వదలకండి

సంపాదకులకు నమస్కారం.

మిద్దెల మీద పావురాలు పెంచేవాళ్ల గురించి మీ లేఖల శీర్షికలో రెండు ఉత్తరాలు వచ్చాయి. పక్షిని గూట్లో పెట్టడం హింస, తలుపు తీసి వదిలెయ్యాలి అన్నది ఒకరి మాట. రెట్టలతో, దుమ్ముతో ఊపిరితిత్తులు పాడవుతున్నాయి కాబట్టి పెంపకాన్నే నిషేధించాలి అన్నది మరొకరి మాట. వ్యాసర్పాడి నుంచి కాశిమేడు దాకా ఉత్తర చెన్నైలో ఈ పక్షులతో పొద్దు గడిపే మాలాంటివాళ్లకు రెండింట్లోనూ ఒకే పొరపాటు కనిపించింది. ఇంటి పావురాన్నీ వీధి పావురాన్నీ ఇద్దరూ ఒకే గాటన కట్టేశారు. మొదటాయన చెప్పినట్టు తలుపులు తీసేస్తే రెండో ఆయనకు వీధిలో మరిన్ని పావురాలు కనిపిస్తాయి, అంతే.

తరతరాలుగా మనిషి చేతి గింజ తిన్న పావురానికి బయట మేత వెతుక్కోవడం రాదు. తోక విసనకర్రలా విప్పుకునే లక్కా, మెడ చుట్టూ ఈకల కాలరుండే జాకోబిన్, కోడిపెట్టంత బరువుండే తెల్ల కింగ్ సరిగా ఎగరనే లేవు. పుణ్యం వస్తుందని పల్లావరం శుక్రవారం సంతలో కొని అక్కడే గాల్లోకి విసిరేవాళ్లున్నారు. పెళ్లిళ్లకూ ప్రారంభోత్సవాలకూ తెల్ల పావురాలు తెప్పించి ఫొటోగ్రాఫర్ ముందు వదిలేవాళ్లున్నారు. అవి సాయంత్రానికి ఏ పిట్టగోడ మీదో ముడుచుకుని కూర్చుంటాయి, రాత్రికి పిల్లి పాలవుతాయి. ఎగరగలిగిన జాతివైతే తిన్నగా అమ్మినవాడి మిద్దెకే పోతాయి. ఒకే పక్షిని పదిసార్లు అమ్మే గడుసువాళ్లకు ఈ పుణ్యాత్ములే పెట్టుబడి.

పక్షులకు ఆకాశంలో ఎగిరే హక్కు ఉందని 2015లో ఢిల్లీ హైకోర్టు అన్న మాట నిజమే. అది చిన్న పంజరాల్లో కుక్కి చేసే పక్షుల వ్యాపారం గురించిన కేసు. పంజరం వేరు, గూడు వేరు. పావురం పుట్టిన చోటు, జతకట్టిన చోటు, గుడ్లున్న చోటు గూడు. తలుపు తీసినా తిరిగి అక్కడికే వస్తుంది. కాబట్టి వదలాలా, మూసి ఉంచాలా అని ఒక్క ముక్కలో అడిగితే జవాబు దొరకదు. ఏ పక్షిని, ఏ వయసులో, ఏ వేళకు, ఎలాంటి గూట్లోంచి అన్నవి తేలాలి. మా లెక్కలో ఆ గూట్లోనే పుట్టిన పిల్లల్ని పొద్దునా సాయంత్రం వేళ పెట్టి ఎగరేయాలి, మిగతా సమయమంతా లోపలే ఉంచాలి. పెద్దయ్యాక కొని తెచ్చినవాటిని అసలు బయటికి వదలకూడదు.

పిల్లల్ని గూటికి అలవాటు చెయ్యడంలో తొందరపడితే ఒక నష్టం, ఆలస్యం చేస్తే అంతకంటే పెద్ద నష్టం. గుడ్డు పొదగడానికి 17, 18 రోజులు. పిల్ల నాలుగు వారాలు దాటి గింజ తనంతట తాను తింటున్నప్పుడు తల్లిదండ్రుల నుంచి వేరు చెయ్యాలి. ఆ మొదటి వారం మేత పెట్టే ప్రతిసారీ ఒకే చప్పుడు వినిపించాలి, డబ్బాలో గింజలు గలగలలాడించినా సరే, ఈల వేసినా సరే. తర్వాత గూటి ముందు పక్షులు వచ్చి వాలే పలక (వాలు పలక) మీద జాలీ బోను పెట్టి, రోజూ సాయంత్రం గంటసేపు చొప్పున నాలుగైదు రోజులు పిల్లల్ని అందులో కూర్చోబెట్టాలి. చుట్టూ ఉన్న నీళ్ల ట్యాంకులు, సెల్ టవరు, గుడి గోపురం, సూర్యుడు దిగే దిక్కు అప్పుడే వాటి బుర్రలోకి ఎక్కుతాయి. ఆరో వారం వచ్చేసరికి బోను తీసెయ్యాలి. గాలి, మబ్బు లేని సాయంత్రం చూసుకుని, ఆకలిగా ఉన్నప్పుడు, చీకటి పడటానికి గంట ముందు తలుపు తీసి పక్కకు తప్పుకోవాలి. చేత్తో పట్టుకుని పైకి విసరకూడదు. బెదిరిన పిల్ల దిక్కు చూసుకోకుండా లేస్తుంది, తిరిగి రాదు. వాటంతట అవి నడిచొచ్చి పలక మీద తిరిగి, రెండు రెక్కలు కొట్టి కిందికి దిగితే మొదటి రోజుకు అదే ఎక్కువ. వెంటనే చప్పుడు చేసి లోపలికి పిలిచి మేత పెట్టాలి.

ఎనిమిది తొమ్మిది వారాలు వచ్చేదాకా మూసి ఉంచి అప్పుడు వదిలితే రెక్కకు బలం వచ్చేసి ఉంటుంది, దారి మాత్రం తెలియదు. ఒక్కసారిగా పైకి లేచి కొరుక్కుపేట రైల్వే యార్డు దాటిపోయిన పిల్ల వెనక్కి వస్తుందని ఆశ పెట్టుకోనక్కర్లేదు. ఇంకొకటి, మొదటి పది పదిహేను రోజులు ముదురు పక్షులతో కలిపి వదలకూడదు. అవి గంటసేపు ఎత్తున తిరుగుతాయి. వెంటపడిన పిల్ల అలిసిపోయి ఎవరి మిద్దె మీదో దిగుతుంది, అక్కడ వల సిద్ధంగా ఉంటుంది. దారి తప్పిన పక్షిని పట్టుకుని డబ్బులడగడం మా పేటల్లో పాత జబ్బు. సగం తగవులు పావురాల వల్ల రావు, ఈ వలల వల్ల వస్తాయి.

పెద్ద పక్షిని కొన్నప్పుడు చాలామంది చేసే పని రెక్క ఈకలు కత్తిరించడం. ఒక్క రెక్కే కత్తిరిస్తే పక్షి ఒరిగి గోడకు కొట్టుకుంటుంది. రెండూ కత్తిరిస్తే పిల్లికి వడ్డించినట్టే. ఈకలు పీకితే నొప్పి, రక్తం, కొన్నిసార్లు వంకరగా మొలుస్తాయి. పైగా ఈక మళ్లీ పూర్తిగా వచ్చిన రోజు పక్షి పాత ఇంటి దారే పడుతుంది. దాన్ని లోపలే ఉంచి జత కట్టించి, పుట్టిన పిల్లల్ని ఎగరేసుకోవడమే తెలివైన పని. ఇల్లు మారినవాళ్లకూ ఇదే సంగతి. పెరంబూరు నుంచి అంబత్తూరుకు మారితే మీ హోమర్లు, అంటే దూరం నుంచి వదిలినా ఇల్లు వెతుక్కుని వచ్చే జాతి పావురాలు, మీ వెంట రావు. కొత్త అద్దెదారు మిద్దె మీద కూర్చుని తలుపు కోసం చూస్తుంటాయి.

ఇక గూటి కొలతలు. ఇరవై పక్షులకు 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు ఉంటే సరిపోతుంది, అంటే పక్షికి రెండు చదరపుటడుగుల పైన నేల. ఇందులో నలభై దూర్చేవాళ్లే ఎక్కువ. జబ్బులూ పోట్లాటలూ అక్కడే మొదలవుతాయి. నేలను మిద్దె నుంచి ఒక అడుగు, అడుగున్నర పైకి లేపి కట్టాలి. కింద గాలి ఆడుతుంది, ఎలుక దాక్కోదు. కోళ్ల జాలీ వాడితే పిల్లి పంజాతో లాగి చింపుతుంది. అర అంగుళం కన్నున్న వెల్డ్ మెష్ వాడాలి. ముఖం తూర్పుకో ఆగ్నేయానికో ఉంటే పొద్దుటి ఎండ లోపలికొస్తుంది. మన ఊళ్లో మాత్రం ఒక చిక్కుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన ఈశాన్యం నుంచే కొడుతుంది. అందుకని ముందువైపు చూరు రెండడుగులు బయటికి దించి, చుట్టి పెట్టుకునే టార్పాలిన్ ఒకటి ఉంచుకోవాలి. లోపల తడి నిలిస్తే రెట్ట బూజు పడుతుంది, పిల్లలు విరేచనాలతో పోతాయి. రేకు కప్పు వేసవిలో పొయ్యి పెంకులా కాలుతుంది. దాని మీద కొబ్బరాకుల తడికలు పరిచి, కప్పు అంచు కింద నాలుగంగుళాల సందు వదిలితే వేడి బయటికి పోతుంది.

జంటకు రెండడుగుల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు, అంతే లోతున్న అర ఒకటి ఇవ్వాలి. జంటల లెక్కకు మించి కొన్ని అరలు ఖాళీగా ఉంచితే కొట్లాటలు తగ్గుతాయి. తిరిగి వచ్చే దారి చాలామంది నిర్లక్ష్యం చేసేది. వాలు పలక వెనక అడుగు వెడల్పు కిటికీ పెట్టి, పైనుంచి అల్యూమినియం కమ్మీలు రెండేసి అంగుళాల ఎడంతో వేలాడదీయాలి. కింద లోపలి అంచుకు కాకుండా బయటి అంచుకు చిన్న పట్టీ కొట్టాలి. అప్పుడు కమ్మీ లోపలికి తోస్తే కదులుతుంది, బయటికి తోస్తే ఆగిపోతుంది. పక్షి ఎప్పుడొచ్చినా తనంతట తాను లోపలికి పోతుంది, మళ్లీ బయటికి రాలేదు. ఈ కిటికీ లేని గూట్లో యజమాని ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీసేదాకా పక్షులు పక్కింటి ఏసీ పెట్టె మీద కూర్చుంటాయి. పక్కింటివాళ్ల కోపానికి కారణం వెతికితే చాలా చోట్ల దొరికేది ఇదే.

మేత గురించి రెండు మాటలు. పక్షికి రోజుకు సుమారు 30 గ్రాములు. ఇరవై పక్షులకు 600 గ్రాములు దాటితే మిగిలింది ఎలుకలకు పోతుంది. జొన్న, సజ్జ, గోధుమ కలిపి ముప్పావు వంతు, పెసలు, ఎండు బఠాణీ, అలసందలు కలిపి పావు వంతు. పిల్లలకు మేపుతున్న జంటలకు పప్పుగింజల వాటా మూడో వంతుకు పెంచాలి. మొక్కజొన్న వేసవిలో తగ్గించాలి. ఆల్చిప్పల పొడి, ఎర్ర ఇటుక పొడి, బొగ్గు, కాస్త ఉప్పు కలిపిన గిన్నె ఎప్పుడూ ఉండాలి. అది లేకపోతే పక్షి సున్నం కోసం గోడలు పొడుస్తుంది, గుడ్డు పెంకు పలచబడుతుంది. ఎగరేసే ముందు మేత పెట్టకూడదు. కడుపు నిండిన పావురానికి మీ ఈలతో పని లేదు, ఎదురు మిద్దె మీద ఎండ కాచుకుంటుంది. ఎగిరి వచ్చాకే, గూటి లోపలే, పావుగంటలో తినేంతే పెట్టి మిగిలింది తీసెయ్యాలి. మిద్దె మీద గింజలు చల్లితే మీ పక్షులతో పాటు వీధి పావురాలూ దిగుతాయి. వాటితో గొంతు జబ్బు వస్తుంది.

ఆ గొంతు జబ్బుకు గుర్తు నోటి లోపల పసుప్పచ్చ జున్నులాంటి గడ్డ. ఒకే గిన్నెలో నీళ్లు తాగడం వల్ల, తల్లి నోటి నుంచి పిల్లకు అంటుకుంటుంది. మెడ తిరిగిపోయి గింజ పొడవబోతే గురి తప్పుతుంటే అది కోళ్ల కొక్కెర తెగులుకు దగ్గరి వైరస్ పని. దానికి మందు లేదు, ముందే టీకా వేయించుకోవాలి. కొత్తగా తెచ్చిన పక్షిని మూడు, నాలుగు వారాలు విడిగా ఉంచకుండా గుంపులో కలపడమే ఈ తెగులు గూట్లోకి వచ్చే రాజమార్గం. వాన తగ్గిన నెలల్లో ముక్కు మీద, కళ్ల చుట్టూ కురుపులు లేస్తే దోమలు మోసుకొచ్చిన మశూచి. సాయంత్రం దోమతెర దింపితే చాలావరకు ఆగుతుంది. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ నీళ్లలో కలిపే అలవాటు మానండి. వేపేరిలో మద్రాసు వెటర్నరీ కళాశాల ఆసుపత్రి ఉంది, పక్షిని అక్కడ చూపించండి.

ఊపిరితిత్తుల సంగతి రాసిన ఆయన భయం ఒట్టిది కాదు. ఈకల పొడి, ఎండిన రెట్ట దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే కొందరికి ఊపిరితిత్తుల్లో వాపు వచ్చి ఆయాసంగా స్థిరపడుతుంది. అది ముందు పట్టుకునేది పెంచేవాళ్లనే. కాబట్టి పొడి రెట్టను చీపురుతో ఊడ్చకూడదు. నీళ్లు చిలకరించి, మాస్కు కట్టుకుని, రేకుతో గీకి సంచిలో వెయ్యాలి. ఇది రోజూ చేస్తే పది నిమిషాల పని, వారానికోసారి చేస్తే సగం పూట. దగ్గు, సాయంత్రం జ్వరం మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టరుకు పావురాల సంగతి చెప్పి తీరాలి. మీ నీళ్ల ట్యాంకుకూ పక్కవాళ్ల ట్యాంకుకూ మూత ఉందో లేదో చూడండి, లేకపోతే మీరే కొనిపెట్టండి. మూత ఖర్చు తగవు ఖర్చు కంటే తక్కువ. ముంబైలో 2025లో కబూతర్‌ఖానాలు, అంటే జనం పావురాలకు గింజలు వేసే చోట్లు, మూయించినప్పుడు ఊరంతా రెండుగా చీలింది. అక్కడి సమస్య గూటి పావురం కాదు, రోడ్డు మీద బస్తాలకొద్దీ గింజలు పోసే దయ. ఆ దయ మన కూడళ్లలోనూ పెరుగుతోంది.

సంఖ్య అదుపులో ఉంచడం యజమాని బాధ్యత. ఒక జంట ఏడాదికి ఏడెనిమిది ఈతలు వెయ్యగలదు, ఈతకు రెండు గుడ్లు. పక్షులు ఎక్కువైనప్పుడు కదా 'స్వేచ్ఛ' గుర్తొచ్చి తలుపు తీసేది! గుడ్డు తీసేస్తే పది రోజుల్లో మళ్లీ పెడుతుంది, ఆడది చిక్కిపోతుంది. తీసిన చోట అదే పరిమాణంలో చెక్క గుడ్లు పెట్టాలి. మూడు వారాల దాకా పొదిగి, విసుగొచ్చి తనే లేస్తుంది. ఈకలు రాల్చే కాలంలో ఆడవాటిని, మగవాటిని వేర్వేరుగా ఉంచితే రెంటికీ విశ్రాంతి. పొదిగే జంటల్ని ఎగరేసేవాళ్లు వేళ గమనించాలి. పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగైదింటి దాకా మగది కూర్చుంటుంది, మిగతా వేళంతా ఆడది. తెల్లవారి ఎగరేతకు మగవాటినే వదలాలి. పది రోజుల లోపు పిల్లలకు తల్లిదండ్రుల గొంతులో ఊరే పాలే ఆధారం. ఒకటి డేగ పాలైతే రెండోది రెండు పిల్లల్ని సాకలేదు.

గాల్లో ప్రమాదాలు వేళను బట్టి మారతాయి. జాలెడేగ ఏడాదంతా ఉంటుంది, చెట్ల మధ్యనుంచి వచ్చి కింద తిరిగేవాటిని కొడుతుంది. బైరి డేగ చలికాలపు చుట్టం. అక్టోబరు నుంచి మార్చి దాకా ఎత్తైన టవర్ల మీద కూర్చుని, పైనుంచి నిలువునా పడుతుంది. అది కనిపించిన రోజు మొదలు రెండు మూడు రోజులు తలుపు తియ్యకండి, తర్వాత వేళ మార్చి వదలండి. రోజూ ఆరింటికే ఎగరేస్తే డేగకూ ఆ టైము తెలిసిపోతుంది. వేసవిలో పొద్దున ఏడున్నర లోపు పక్షులు లోపలికి రావాలి. మిట్టమధ్యాహ్నం దాకా గాల్లో ఉంచి గంటలు లెక్కపెట్టుకునే 'సాదా' జాతి (గంటల తరబడి ఎత్తున ఎగిరే) పావురాల పందేలు రోహిణి కార్తెలో జరపడం మాకు నచ్చదు, ఈ మాటకు మా వీధిలోనే ఒప్పుకోనివాళ్లున్నారు. గాలిపటాల దారం మాంజా సంగతి అందరికీ తెలిసిందే. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది, అయినా సెలవుల సాయంత్రాల్లో మా ఆకాశంలో కనిపిస్తూనే ఉంది. గాలిపటాలు లేచిన సాయంత్రం పక్షుల్ని లోపలే ఉంచండి. దారం కోసి గొంతు సంచి తెగితే తాగిన నీళ్లు రొమ్ము మీంచి కారతాయి. ఉప్పునీళ్లతో కడిగి, మేత ఆపి, అదే పూట కుట్లు వేయించాలి.

లక్కాలు, కింగ్‌లు, కొని తెచ్చిన జంటలు, కంటిచూపు పోయినవి, ఇవి బయటికి వెళ్లవు. వీటికి గూటిని ఆనించి పది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, మనిషి ఎత్తు జాలీ గది కట్టి, రెండు చివర్లా కూర్చునే కర్రలు పెడితే ఈ కొస నుంచి ఆ కొసకు రెక్క కొట్టుకుంటూ తిరుగుతాయి. రెండంగుళాల లోతున్న పళ్లెంలో వారానికి రెండుసార్లు స్నానం నీళ్లు పెట్టాలి. ఇది బంధించడం అంటారా, అనుకోండి.

చివరగా ఆంధ్రా వైపు పాఠకులకు. ఈశాన్య వానలు తగ్గాక చెన్నై హోమర్లను ఇంటికి తిరిగొచ్చే పందేల కోసం ఉత్తరాన దింపి వదులుతారు. ముందు గుమ్మిడిపూండి, అక్కడి నుంచి సూళ్లూరుపేట, గూడూరు, తర్వాత నెల్లూరు, ఒంగోలు, విజయవాడ. విజయవాడ నుంచి గాలి దారిలో 380 కిలోమీటర్లు. అనుకూలమైన రోజున మంచి పక్షికి ఐదారు గంటల ప్రయాణం. ఎదురుగాలికో మబ్బుకో అలిసిపోయినవి పులికాట్ చుట్టుపక్కల ఊళ్లలో మిద్దెల మీద దిగుతుంటాయి. కాలికి ఉంగరం ఉంటుంది, దాని మీద సంవత్సరం, వరుస సంఖ్య. పుట్టిన పది రోజుల లోపు ఎక్కించేది కాబట్టి లాగితే రాదు, కోసి తియ్యకండి. ముందు నీళ్లు పెట్టండి, తల ముంచి పీల్చేంత లోతున్న గిన్నెలో. అరగంట తర్వాత సజ్జలో గోధుమలో గుప్పెడు. అన్నం, బ్రెడ్డు, పాలు వద్దు. పిల్లికి అందని గాలాడే పెట్టెలో ఒకటి రెండు రోజులు ఉంచి, ఎండ కాసిన ఉదయం ఎనిమిదింటి లోపు బయట పెట్టి మూత తియ్యండి. రెండు చుట్లు తిరిగి దక్షిణానికి పోతుంది. రెక్క వేలాడుతుంటే మాత్రం వదలకుండా దగ్గరి పశువైద్యశాలకు తీసుకెళ్లండి.

ఇట్లు,
పావురాలు పెంచే కొందరు తెలుగువాళ్లం,
కొరుక్కుపేట, చెన్నై.